ఆటోరొటేషన్ ప్రాక్టీస్, సేఫ్‌గా పవర్ రికవరీ: ఎలా చేయాలి

హెలికాప్టర్ నేర్చుకుంటున్నవాళ్ళు ఆటోరొటేషన్ (ఇంజన్ పవర్ లేకుండా, పైనున్న రోటర్ గాలితోనే తిరుగుతుండగా దిగడం) గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి: కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే లివర్) ఎంత త్వరగా దించాలి, ఫ్లేర్ (నేల దగ్గర ముక్కు పైకెత్తి వేగం తగ్గించడం) ఎన్ని అడుగుల దగ్గర మొదలుపెట్టాలి, అనుకున్న చోటే ఎలా దిగాలి. పవర్ తిరిగి ఎలా తీసుకోవాలి అని అడిగేవాళ్ళు తక్కువ. నిజానికి ట్రైనింగ్‌లో ఇంజన్ ఆగిపోదు, మనమే దాన్ని తగ్గించి దిగుతాం, నేల దగ్గరికి వచ్చాక మళ్ళీ పవర్ తీసుకుని హోవర్‌లో, అంటే గాలిలో ఒకేచోట, నిలబడతాం. అంటే దాదాపు ప్రతి ప్రాక్టీస్‌లోనూ చేసే పని పవర్ రికవరీ. అది సరిగ్గా రాకపోతే, ఇంజన్ ఆగితే ఏం చేయాలో నేర్చుకోవడానికి వెళ్ళి, చక్కగా నడుస్తున్న ఇంజన్‌తోనే హెలికాప్టర్‌ని నేలకి కొట్టుకునే పరిస్థితి వస్తుంది. ప్రాక్టీస్ ఆటోరొటేషన్ల వల్లే చాలా ట్రైనింగ్ ప్రమాదాలు జరుగుతున్నాయని హెలికాప్టర్లు తయారుచేసే రాబిన్సన్ కంపెనీ ఎస్‌ఎన్-38 అనే సేఫ్టీ నోటీసులో విడిగా హెచ్చరించింది కూడా. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు పవర్ రికవరీకే ఇస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట. ఇది పక్క సీట్లో అర్హత ఉన్న ఇన్‌స్ట్రక్టర్ ఉన్నప్పుడు చేసే పని, చదివి ఒంటరిగా ప్రయత్నించేది కాదు. కింద ఇచ్చిన అంకెలు, వేరే చెప్పకపోతే, రాబిన్సన్ ఆర్22కి సంబంధించినవి, ఎందుకంటే చాలామంది నేర్చుకునేది దాని మీదే. మీ హెలికాప్టర్ వేరేదైతే దాని ఫ్లైట్ మాన్యువల్‌లో ఏం రాశారో అదే ఫైనల్.

గాలిలోకి వెళ్ళక ముందు అర్థం కావాల్సింది

ఇంజన్ పవర్ పోగానే రోటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉన్న ఫ్రీవీలింగ్ యూనిట్ (స్ప్రాగ్ క్లచ్) రెండింటినీ విడదీస్తుంది. సైకిల్ తొక్కడం ఆపినా వెనక చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, పని అదే. ఆ తర్వాత రోటర్‌ని తిప్పేది కింది నుంచి పైకి వచ్చే గాలి. బ్లేడ్ పొడవులో కొంత భాగం ఆ గాలి నుంచి శక్తి తీసుకుని రోటర్‌ని ముందుకు తోస్తుంది, కొస వైపు భాగం ఆ శక్తిని వాడుకుని లిఫ్ట్ ఇస్తుంది, మొదలు దగ్గర భాగం స్టాల్‌లో (గాలి బ్లేడ్‌ని వదిలేసి లిఫ్ట్ పోయే స్థితిలో) ఉంటుంది. ఈ సూత్రం హెలికాప్టర్ కంటే పాతది, 1923లో స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా ఎగరేసిన ఆటోజైరో మొత్తం దీని మీదే నడిచింది.

ఎత్తు, స్పీడ్, రోటర్ ఆర్పీఎం. ఇంజన్ సాయం లేనప్పుడు మీ దగ్గరున్న శక్తి ఈ మూడు రూపాల్లోనే ఉంటుంది, ఒకటి ఖర్చుపెట్టి ఇంకొకటి కొనుక్కోవాలి. వీటిలో రోటర్ ఆర్పీఎంని మాత్రం చేజారనివ్వకూడదు. తిరిగే రోటర్‌లోని శక్తి ఆర్పీఎం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆర్పీఎం 100 నుంచి 90 శాతానికి పడితే శక్తి 81 శాతానికి పడిపోతుంది, చూడ్డానికి సూది కొంచెమే కదిలినట్టు ఉంటుంది కానీ అయిదో వంతు పోయినట్టే. ఆర్22 లాంటి తేలికపాటి రోటర్‌లో ఇది ఎంత వేగంగా జరుగుతుందంటే, పవర్ పోయాక కలెక్టివ్ దించడానికి మీకు దొరికేది సెకను, మహా అయితే సెకనున్నర. ఆ మాన్యువల్ ప్రకారం ఆర్పీఎం 80 శాతం కంటే (ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకీ ఇంకో 1 శాతం కలుపుకోవాలి) కిందికి పోతే రోటర్ స్టాల్ అయిపోవచ్చు. అక్కడి నుంచి తిరిగి రావడం ఉండదు.

ఇంకో లెక్క కూడా నేల మీదే వేసుకోండి. ఆటోలో (ఆటోరొటేషన్‌నే పొట్టిగా ఆటో అంటాం) నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దిగుతున్నారనుకుంటే అది సెకనుకి 25 అడుగులు. 500 అడుగుల నుంచి నేలకి 20 సెకన్లు. 100 అడుగుల నుంచి 4 సెకన్లు. ఫ్లేర్ మొదలయ్యే 40 అడుగుల దగ్గర, ఏమీ చేయకుండా కూర్చుంటే, రెండు సెకన్లు కూడా ఉండవు. ఈ అంకెలు మనసులో ఉంటే, నిర్ణయాలు పైనే ఎందుకు తీసుకోవాలో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

బ్రీఫింగ్‌లో తేల్చుకోవాల్సినవి

థ్రాటిల్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే మాట్లాడుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. పవర్ తగ్గించేది ఇన్‌స్ట్రక్టరా, స్టూడెంటా? తిరిగి తెరిచేది ఎవరు? రికవరీలో ఇద్దరూ ఒకేసారి తిప్పితే ఓవర్‌స్పీడ్, ఇద్దరూ అవతలివాళ్ళు తిప్పుతారులే అనుకుంటే అసలు పవరే ఉండదు. కంట్రోల్ ఇచ్చిపుచ్చుకునే మాటలు కూడా అలాగే, "ఐ హ్యావ్ కంట్రోల్" అని ఇన్‌స్ట్రక్టర్ అన్న వెంటనే చేతులూ కాళ్ళూ వదిలేయాలి, ఇంకో క్షణం నేను సరిచేస్తాను అనే ఆలోచనకి అక్కడ చోటు లేదు.

రికవరీ ఎలా ముగుస్తుందో కూడా తేల్చుకోండి: హోవర్‌లోనా, లేక పైనుంచే గో అరౌండా (కిందిదాకా దిగకుండా మళ్ళీ పైకి వెళ్ళిపోవడమా)? చెప్పకుండా థ్రాటిల్ మూసేయడం అనే పద్ధతి ఇంకా కొందరిలో ఉంది. అలాంటి సర్ప్రైజ్ థ్రాటిల్ చాప్‌లు ప్రాణాంతకం కావచ్చని రాబిన్సన్ ఎస్‌ఎన్-27లో హెచ్చరించింది. మొదటి రోజుల్లోనైతే "మూడు, రెండు, ఒకటి" అని లెక్కపెట్టి మొదలుపెట్టడమే మంచిది. మీ ఇన్‌స్ట్రక్టర్ వేరేలా చేస్తుంటే అడగండి, అడగడం మీ హక్కు.

చోటు ఎంచుకునేటప్పుడు ఒక్కటే ప్రశ్న వేసుకోండి: ఐడిల్‌లో ఉన్న ఇంజన్ నిజంగానే ఆగిపోతే ఇక్కడ దిగగలనా? దిగలేని చోట ప్రాక్టీస్ వద్దు. గాలి ముక్కుకి ఎదురుగా ఉండాలి. 10, 15 నాట్ల ఎదురుగాలి ఉంటే పని చాలా తేలికవుతుంది, గాలి అసలు లేని రోజు, అందులోనూ వేడిగా ఉండి బరువు ఎక్కువైన రోజు, అదే ఆటో వేరే హెలికాప్టర్‌లా అనిపిస్తుంది.

ఎంట్రీ

ఎత్తు, ఏరియా, చుట్టూ ట్రాఫిక్, ఇంజన్ గేజ్‌లు, క్యాబిన్‌లో కట్టని వస్తువులు, ఇవన్నీ చూసుకుని, ముఖ్యంగా మీ కింద ఎవరూ లేరని ఖాయం చేసుకుని మొదలుపెట్టండి. కార్బురేటర్ ఉన్న ఇంజనైతే కార్బ్ హీట్ (కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే ఏర్పాటు) పెట్టండి. థ్రాటిల్ మూసినప్పుడు కార్బురేటర్‌లో ఐస్ పట్టే అవకాశం ఎక్కువ, ఆర్22లో మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్ళే గాలి ఒత్తిడి) 18 అంగుళాల కంటే కిందికి వెళ్తే గేజ్ ఏం చూపిస్తున్నా పట్టించుకోకుండా కార్బ్ హీట్ పూర్తిగా పెట్టాలి. ఇది మరిచిపోతే రికవరీ దగ్గర థ్రాటిల్ తిప్పినా ఇంజన్ పలకకపోవచ్చు.

ఇక అసలు ఎంట్రీ. కలెక్టివ్‌ని పూర్తిగా కిందికి దించండి, ఆగకుండా, కానీ విసిరికొట్టినట్టు కాకుండా. అదే సమయంలో పెడల్ (తోక రోటర్‌తో ముక్కుని పక్కలకి తిప్పేది). రోటర్ పైనుంచి చూస్తే అపసవ్య దిశలో తిరిగే రాబిన్సన్, బెల్ లాంటి వాటిలో పవర్ తగ్గగానే ముక్కు ఎడమకి పోతుంది, కుడి పెడల్ కావాలి. కబ్రి జీ2, హెచ్125 లాంటి వాటిలో రోటర్ రెండో వైపు తిరుగుతుంది కాబట్టి అంతా తలకిందులు. కలెక్టివ్ దిగేకొద్దీ ముక్కు కిందికి వాలాలని చూస్తుంది, సైక్లిక్‌ని (హెలికాప్టర్‌ని ముందుకీ వెనక్కీ పక్కలకీ వాల్చే స్టిక్) కొద్దిగా వెనక్కి పట్టుకుంటే ముక్కు నిలబడటమే కాదు, ఆర్పీఎం కూడా నిలబడుతుంది. సైక్లిక్‌ని ముందుకి మాత్రం తోయొద్దు. రెండు బ్లేడ్ల రోటర్‌లో హెలికాప్టర్ బరువు తేలిపోయే స్థితికి, అంటే లో-జీకి వెళ్తే మాస్ట్ బంపింగ్ (రోటర్ హబ్ తన ఇరుసుకే కొట్టుకోవడం) దాకా పోతుంది.

థ్రాటిల్‌ని మెల్లగా తిప్పి తగ్గించండి, ఇంజన్ సూది రోటర్ సూది నుంచి కొంచెం విడిపోతే చాలు. దీన్నే నీడిల్ స్ప్లిట్ అంటారు. పవర్ రికవరీ ప్రాక్టీస్‌కి చిన్న స్ప్లిట్ సరిపోతుంది. ఒక్కసారిగా మూసేస్తే ఇంజన్ ఆగిపోవచ్చని, థ్రాటిల్ చాప్ చేయొద్దని ఆర్22 మాన్యువల్ స్పష్టంగా చెబుతుంది. చిన్న స్ప్లిట్ వల్ల ఇంకో లాభం, కింద రెండు సూదుల్నీ కలపడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

దిగుతున్నప్పుడు

కళ్ళు ఎక్కువసేపు బయటే ఉండాలి. ముక్కు హొరైజన్‌కి ఎక్కడుందో చూడండి, ఒక్క చూపు ఆర్పీఎం మీద, ఒక్క చూపు బబుల్ (ముందు అద్దం) మీద కట్టిన దారం మీద, ఒక్క చూపు స్పీడ్ మీద, మళ్ళీ బయటికి. ఆర్22లో 60 నుంచి 70 నాట్ల మధ్య, 65 దగ్గర పట్టుకోండి. స్పీడ్ సూది వెంట పడొద్దు, అది ఆలస్యంగా చూపిస్తుంది, మీరు దాన్ని వెంటాడుతూ ముక్కుని పైకీ కిందికీ ఊపుతుంటే ఆర్పీఎం కూడా దానితోపాటే ఊగుతుంది. ముక్కుని ఒకచోట నిలబెట్టండి, స్పీడ్ దానంతట అదే కుదురుకుంటుంది.

ఆర్పీఎం పెరిగిపోతుంటే కలెక్టివ్ కొంచెం ఎత్తండి, తగ్గుతుంటే దించండి. బరువు ఎక్కువ ఉన్నప్పుడు, ఎత్తైన చోట, మలుపు తిరుగుతున్నప్పుడు ఆర్పీఎం పెరుగుతుంది. ఒక్కరే ఉండి ఇంధనం తక్కువైనప్పుడు కలెక్టివ్ పూర్తిగా కిందున్నా ఆర్పీఎం అంతగా రాకపోవచ్చు. పవర్ లేనప్పుడు ఆర్22 రోటర్‌కి 90 నుంచి 110 శాతం దాకా అనుమతి ఉంది కానీ ప్రాక్టీస్‌లో గ్రీన్ ఆర్క్ (గేజ్ మీది ఆకుపచ్చ గీత) మధ్యలోనే ఉండాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్తాను. 97 శాతం దగ్గర మోగే లో ఆర్పీఎం హారన్, కలెక్టివ్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మోగదు. అంటే ఆటోలో దిగుతున్నంతసేపూ అది మౌనంగా ఉందని అంతా బాగానే ఉందనుకోవడానికి లేదు. కలెక్టివ్ కొంచెం ఎత్తగానే ఒక్కసారిగా అరుస్తుంది, స్టూడెంట్ ఉలిక్కిపడతాడు, చేయి బిగుసుకుంటుంది. సూదిని చూడటం అలవాటైతే ఈ టెన్షన్ ఉండదు.

అనుకున్న చోటికి చేరలేనేమో అనిపిస్తే మొదట్లో దాని గురించి పట్టించుకోకండి. స్పీడ్ పెంచి, ఆర్పీఎం కొంచెం తగ్గించి దూరం వెళ్ళే పద్ధతి ఉంది (ఆర్22లో 75 నాట్లు, 90 శాతం దగ్గర ఎత్తుకి నాలుగు రెట్ల దూరం వెళ్తుంది), కానీ అది తర్వాతి పాఠం. ముందు ఆర్పీఎం, స్పీడ్, ట్రిమ్ (దారం సూటిగా ఉండటం) మూడూ కదలకుండా దిగడం రావాలి. స్పాట్ మీద దిగాలనే పట్టుదలతో మిగతా మూడింటినీ పాడుచేసుకోవడం ఈ దశలో చాలా మామూలుగా జరిగే పొరపాటు.

100 అడుగుల దగ్గర తేల్చేయండి

ఈ గైడ్‌లో ఒక్క భాగమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. 100 అడుగుల దగ్గర నాలుగు విషయాలు చూడాలి, వీలైతే పైకి పలకాలి. రోటర్ ఆర్పీఎం గ్రీన్ మధ్యలో ఉందా. స్పీడ్ 60, 70 మధ్య నిలకడగా ఉందా. దిగే రేటు మామూలుగా, అంటే నిమిషానికి 1,500 నుంచి 2,000 అడుగుల మధ్య ఉందా. తిరగాల్సిందంతా తిరగడం అయిపోయి ముక్కు సూటిగా ఉందా. ఎస్‌ఎన్-38 చెప్పేది ఇదే. నాలుగిట్లో ఏ ఒక్కటి లేకపోయినా వెంటనే పవర్ తీసుకుని పైకి వెళ్ళిపోవాలి.

"వెంటనే" అన్న మాట దగ్గరే అందరూ జారిపోతారు. స్పీడ్ 52 ఉంది, పర్లేదు, ఫ్లేర్ కొంచెం తగ్గిద్దాం. ఆర్పీఎం కొద్దిగా తక్కువుంది, ఫ్లేర్‌లో పెరుగుతుందిలే. ఇలా సర్దుకుపోవడం మొదలైందంటే మీరు నాలుగు సెకన్లలో రెండు పనులు చేయబోతున్నట్టు లెక్క, పాడైన ఆటోని బాగుచేయడం ఒకటి, మామూలుగా చేయాల్సిన ఫ్లేర్, రికవరీ ఇంకొకటి. ఆ నాలుగు సెకన్లలో ఒక పనే కష్టం. ప్రాక్టీస్‌లో ఇంజన్ ఉంది, దాన్ని వాడుకోవడానికి మొహమాటం ఎందుకు? గో అరౌండ్ చేసిన ఆటో ఫెయిలైన ఆటో కాదు, చూసి సరైన నిర్ణయం తీసుకున్న ఆటో. ఇన్‌స్ట్రక్టర్లు కూడా దీన్ని నోటితో మెచ్చుకోవాలి, లేకపోతే స్టూడెంట్ మనసులో గో అరౌండ్ అంటే ఓడిపోవడం అనే భావం నాటుకుపోతుంది.

మొదట్లో ఈ గేట్‌ని, అంటే తేల్చుకునే ఈ ఎత్తుని, ఇంకా పైకి, 200 లేదా 300 అడుగులకి జరుపుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొంచెం అలవాటయ్యాక కిందికి తెచ్చుకోవచ్చు.

గో అరౌండ్ ఎలా

పవర్ రికవరీలో ఇదే సులువైన రకం, ఎందుకంటే స్పీడ్ ఇంకా మీ చేతిలో ఉంది. అందుకే ముందు దీన్నే, ఎత్తులో, మళ్ళీ మళ్ళీ చేయించమని మీ ఇన్‌స్ట్రక్టర్‌ని అడగండి. ఆటోలోకి వెళ్ళడం, కుదురుకోవడం, సూదులు కలపడం, ఎక్కడం, అంతే. నేల దూరంగా ఉంటుంది కాబట్టి భయం లేకుండా చేతులకి వరుస అలవాటవుతుంది.

వరుస ఏంటంటే, ముందు థ్రాటిల్, తర్వాత కలెక్టివ్. థ్రాటిల్‌ని మెల్లగా తెరుస్తూ ఇంజన్ సూదిని పైకి తెచ్చి రోటర్ సూదితో కలపండి. రెండూ కలిసి, ఆర్పీఎం గ్రీన్‌లో ఉందని చూశాకే కలెక్టివ్ ఎత్తండి, ఎత్తుతూ పెడల్ వేయండి. ఈసారి ముక్కు కుడికి పోతుంది, కాబట్టి రాబిన్సన్, బెల్‌లలో ఎడమ పెడల్ కావాలి, అదీ కొంచెం గట్టిగానే. స్పీడ్ పట్టుకుని ఎక్కండి.

వరుస తిరగబడితే ఏమవుతుందో చూడండి. ఇంజన్ ఇంకా కలవకముందే కలెక్టివ్ లాగితే బ్లేడ్ల మీద డ్రాగ్ పెరుగుతుంది, వాటిని తిప్పడానికి ఇంజన్ ఇంకా రాలేదు, ఆర్పీఎం పడిపోతుంది. హారన్ మోగుతుంది. హెలికాప్టర్ ఇంకా దిగుతూనే ఉంది కాబట్టి చేయి తెలియకుండానే ఇంకా పైకి లాగుతుంది. ఆర్పీఎం ఇంకా పడుతుంది. దీన్నుంచి బయటపడే దారి ఒకటే: థ్రాటిల్ తెరుస్తూ అదే సమయంలో కలెక్టివ్ దించాలి, ముందుకు స్పీడ్ ఉంటే సైక్లిక్ కొంచెం వెనక్కి. నేల దగ్గరవుతుంటే కలెక్టివ్ దించమనడం మనసుకి ఎక్కదు, అందుకే ఇది ఎత్తులో ఉన్నప్పుడే, ఆలోచించకుండా చేయి కదిలేంతవరకు ప్రాక్టీస్ కావాలి.

రెండో తప్పు దీనికి వ్యతిరేకం. థ్రాటిల్‌ని ఒక్కసారిగా తిప్పేయడం. విడిపోయిన ఇంజన్ మీద లోడ్ లేదు, కాబట్టి దాని ఆర్పీఎం క్షణంలో పైకి దూకి, రోటర్ సూదిని గట్టిగా తాకుతుంది. ఇంజన్ ఓవర్‌స్పీడ్ కావచ్చు, స్ప్రాగ్ క్లచ్ మీద, మొత్తం డ్రైవ్ ట్రైన్ మీద దెబ్బ పడుతుంది, ముక్కు కూడా ఝలక్ ఇచ్చినట్టు తిరుగుతుంది. సూదులు ఒకదాన్నొకటి కలుసుకోవాలి, గుద్దుకోకూడదు.

ఆర్22లో గవర్నర్ (ఇంజన్ ఆర్పీఎంని దానంతట అదే సరిచేసే పరికరం) ఉంది కదా, అదే చూసుకుంటుంది అనుకునేవాళ్ళున్నారు. ఇంజన్ ఆర్పీఎం 80 శాతం దాటితేనే అది పనిచేస్తుంది. అంతకంటే కిందున్న ఇంజన్‌ని అక్కడిదాకా తీసుకురావాల్సింది మీ చేయే.

కింద దాకా వెళ్తే: ఫ్లేర్, రికవరీ, హోవర్

నాలుగూ సరిగ్గా ఉన్నాయి, దిగుతున్నారు. సుమారు 40 అడుగుల దగ్గర సైక్లిక్‌ని వెనక్కి తీసి ఫ్లేర్ మొదలుపెట్టండి. గాలి లేకపోయినా, బరువెక్కువగా ఉన్నా ఇది కొంచెం మారుతుంది, కాబట్టి అంకెను పట్టుకుని వేలాడకుండా నేల దగ్గరయ్యే వేగాన్ని చూడటం నేర్చుకోవాలి. కళ్ళు ముక్కు కింద నేల మీద కాకుండా ముందు దూరంగా ఉండాలి, దగ్గర నేలని చూస్తే అది పరిగెడుతున్నట్టు కనిపించి ఫ్లేర్ తొందరగా, పదునుగా వచ్చేస్తుంది.

ఫ్లేర్ మూడు పనులు చేస్తుంది. దిగే రేటు తగ్గిస్తుంది, ముందుకు వెళ్ళే స్పీడ్ తగ్గిస్తుంది, రోటర్ ఆర్పీఎం పెంచుతుంది. ఆర్పీఎం పెరుగుతోందంటే కలెక్టివ్ లాగాలని చేయి దురద పెడుతుంది, అవసరమైతే కొద్దిగా తప్ప లాగొద్దు, ఎందుకంటే ముక్కు పైకి ఉన్నప్పుడు కలెక్టివ్ లాగితే హెలికాప్టర్ మళ్ళీ పైకి లేస్తుంది. స్పీడ్ లేకుండా, ఎత్తులో, దిగడం మొదలైన హెలికాప్టర్, ఇంతకంటే చెడ్డ చోటు లేదు. స్పీడ్ దాదాపు సున్నా, దిగే రేటు ఎక్కువ, ఇప్పుడు పవర్ వేస్తే వోర్టెక్స్ రింగ్ స్టేట్‌కి (రోటర్ తను కిందికి తోసిన గాలిలోనే కూరుకుపోయే స్థితికి) కావాల్సినవన్నీ మీరే సమకూర్చినట్టు. పైనే ఫ్లేర్ అయిపోయి స్పీడ్ పోతోందని అర్థమైన క్షణమే, ఇంకా కొంచెం స్పీడ్ ఉండగానే, ముక్కు దించి పవర్ తీసుకోండి.

ఫ్లేర్ పనిచేస్తున్నప్పుడే థ్రాటిల్ తెరవడం మొదలుపెట్టాలి. ఇక్కడే టైమింగ్ ఉంది. ఫ్లేర్‌లో రోటర్ ఆర్పీఎం కొంచెం పైకి వెళ్తుంది, ఆ సమయంలో ఇంజన్‌ని దానిదాకా తరిమితే ఓవర్‌స్పీడ్ వైపు పోతారు. అలాగని హెలికాప్టర్ లెవెల్ అయి కలెక్టివ్ లాగేదాకా ఆగితే ఆలస్యం. ఫ్లేర్ చివర్లో, రోటర్ ఆర్పీఎం మామూలు స్థాయికి దిగివస్తుండగా ఇంజన్ కింది నుంచి వచ్చి దానితో కలిసేలా చేస్తే సరిగ్గా కుదురుతుంది. ఆర్22లో కలెక్టివ్ ఎత్తితే కోరిలేటర్ థ్రాటిల్‌ని కూడా కొంత తెరుస్తుంది, దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి, మీ చేయి ఎక్కువగా తిప్పనక్కర్లేదు.

సుమారు 8 అడుగుల దగ్గర సైక్లిక్ ముందుకి జరిపి హెలికాప్టర్‌ని లెవెల్ చేయండి. లెవెల్ కాకుండా ఇంకా దిగితే ముందుగా నేలని తాకేది తోక. లెవెల్ అయ్యాక కలెక్టివ్ ఎత్తి దిగడాన్ని ఆపండి, ఆర్పీఎం చూడండి, ఎడమ పెడల్‌తో ముక్కు సూటిగా ఉంచండి, 3 నుంచి 5 అడుగుల హోవర్‌లో నిలబెట్టండి. చెప్పడానికి నాలుగు వాక్యాలైంది, చేయడానికి అన్నీ ఒకే కదలికలా కలిసిపోవాలి: థ్రాటిల్, లెవెల్, కలెక్టివ్, పెడల్.

పెడల్ గురించి ఇంకోసారి. ఆటోలో దిగుతున్నంతసేపూ కుడి కాలు ముందుకుంది. రికవరీలో పవర్ వచ్చేసరికి ఎడమ కాలు ముందుకి రావాలి, తేడా చాలా ఉంటుంది. కాళ్ళు బిగదీసుకుని కూర్చుంటే ముక్కు కుడికి తిరిగిపోతుంది, అలా తిరుగుతూ పక్కకి జరుగుతూ స్కిడ్ (చక్రాల బదులు కింద ఉండే పొడవాటి గొట్టం) నేలని తాకితే హెలికాప్టర్ పడిపోవడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. కలెక్టివ్ ఎత్తే ముందే "ఎడమ కాలు" అని మనసులో అనుకోండి.

టర్బైన్ హెలికాప్టర్లలో నేర్చుకుంటున్నవాళ్ళకి ఒక్క తేడా. పిస్టన్ ఇంజన్ థ్రాటిల్ తిప్పగానే పలుకుతుంది, టర్బైన్ ఐడిల్ నుంచి పూర్తి పవర్‌కి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి థ్రాటిల్ చాలా ముందే, పైనే తెరవాలి. ఎంత ఎత్తులో అన్నది మీ మాన్యువల్, మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పాలి.

180 డిగ్రీల ఆటో

సూటిగా దిగడం నిలకడగా వచ్చేదాకా దీని జోలికి పోవద్దు. గాలి వెనక నుంచి వస్తుండగా మొదలుపెట్టి, తిరిగి గాలికి ఎదురుగా దిగుతాం. తిరుగుతున్నప్పుడు రోటర్ మీద లోడ్ పెరిగి ఆర్పీఎం పెరుగుతుంది, దాన్ని ఆపడానికి కలెక్టివ్ కొద్దిగా ఎత్తుతాం, బాగానే ఉంది, కానీ తిరగడం అయిపోయి సూటిగా వచ్చేసరికి ఆ లోడ్ పోతుంది, ఎత్తిన కలెక్టివ్ అలాగే ఉండిపోతే ఆర్పీఎం పడిపోతుంది. సూటి చేస్తూనే కలెక్టివ్ మళ్ళీ దించాలి. తిరుగుతున్నప్పుడు దిగే రేటు కూడా పెరుగుతుంది, వెనక గాలి వల్ల నేల వేగంగా జరుగుతున్నట్టు కనిపించి ముక్కు పైకెత్తాలనిపిస్తుంది, ఎత్తితే స్పీడ్ పోతుంది. 300 అడుగులకి ముక్కు గాలికి ఎదురుగా వచ్చి హెలికాప్టర్ పక్కకి వాలకుండా సమంగా లేకపోతే ఇంకా తిరుగుతూ కిందికి వెళ్ళొద్దు, అక్కడే పవర్ తీసుకోండి.

ఎన్ని చేయాలి, ఎప్పుడు ఆపాలి

వరసగా మూడు, నాలుగు కంటే ఎక్కువ వద్దని ఎస్‌ఎన్-38 చెబుతుంది, చాలా ప్రమాదాలు వరసగా ఎక్కువ ఆటోలు చేసిన తర్వాతే జరిగాయి కాబట్టి. స్టూడెంట్ అలసిపోతాడు, ఇన్‌స్ట్రక్టర్ దృష్టి కూడా సడలుతుంది, పైగా బాగా వస్తున్నప్పుడు "ఇంకొక్కటి" అనిపిస్తుంది. మధ్యలో ఒక సర్క్యూట్ మామూలుగా తిరగండి, హోవర్ పని ఏదైనా చేయండి, నీళ్ళు తాగండి, తర్వాత మళ్ళీ మొదలుపెట్టొచ్చు. రెండుసార్లు వరసగా గేట్ దగ్గర గో అరౌండ్ అయితే మూడోది చేయకుండా నేల మీదికి వచ్చి మాట్లాడుకోండి. గాలి మారిందా, స్పీడ్ ఎక్కడ పోతోంది, ఎంట్రీ సరిగ్గా ఉందా, కారణం సాధారణంగా కింద కాదు, పైనే ఉంటుంది.

దిగాక ఆర్పీఎం ఎప్పుడైనా హద్దు దాటిందని అనుమానం ఉన్నా, రికవరీలో సూదులు గట్టిగా గుద్దుకున్నాయనిపించినా, స్కిడ్‌లు మామూలు కంటే గట్టిగా తగిలినా, తోక కిందికి పోయిందనిపించినా, ఇంజన్ ఆపి ఇంజనీర్‌కి చెప్పండి, లాగ్‌లో రాయండి. సిగ్గుపడి ఊరుకుంటే ఆ హెలికాప్టర్‌లో తర్వాత కూర్చునేది ఇంకో స్టూడెంట్. ఇంజనీర్ చూసి సంతకం పెట్టేదాకా దాన్ని ఎవరూ ఎగరేయకూడదు.